నడికట్టు

టూరిస్టుల్ని కొండలెక్కించే ఎర్మెక్ కంపెనీ పెరట్లో ఆ ఉదయం వీపుసంచులు పంచుతున్నారు. షెడ్డు తలుపు బార్లా తీసి, కిందటేటి మట్టి ఇంకా వదలని నల్ల సంచుల్ని ఒక్కొక్కటే బయటికి విసురుతున్నాడు ఎర్మెక్. మోతగాళ్ళు వాటిని గాల్లోనే అందుకుని, మంచి పట్టీలున్నది నాదంటే నాదని పెనుగులాడుకుంటున్నారు. కరకోల్ ఊరికి టూరిస్టులు రావడం మొదలైందంటే ఈ పెనుగులాటే దానికి గుర్తు.

అనార్‌కుల్ గేటు దగ్గర నిలబడింది. చంకలో తువ్వాలులో చుట్టిన గరిటెలూ కత్తులూ ఉన్నాయి. ప్రతి వేసవి మొదట్లోనూ అలాగే వస్తుంది. అలాకోల్ సరస్సుకి ఎక్కే దారిలో, చివరి చెట్ల దగ్గర, కంపెనీవాళ్ళ గుడారాల మకాం ఉంది. అక్కడ వంట ఆమెదే. సరస్సుని చూసి దిగివచ్చినవాళ్ళకి వేడి వేడి సూప్ పోస్తూ, వాళ్ళు ఆ నీళ్ళ రంగు గురించి చెప్పుకునే మాటలు వింటూ ఉంటుంది. తను మాత్రం ఒక్కసారీ ఎక్కలేదు. పొయ్యి వదిలి వంటమనిషి ఎక్కడికి పోతుంది?

ఎర్మెక్ ఆమెను చూశాడు. చూడనట్టు ఇంకో రెండు సంచులు విసిరాడు. ఆ తరవాత ఇక చూడక తప్పలేదు.

"అక్కా, నీకు కబురు అందలేదా?"

"ఏం కబురు?"

"ఈ ఏడు మకాంలో వంటకి మా మరదలు వెళ్తోంది. చిన్నపిల్ల, ఇంగ్లీషు మాట్లాడుద్ది. టూరిస్టులకి బాగుంటది."

"వంట వచ్చా?"

"నేర్చుకుంటదిలే."

మోతగాళ్ళలో ఎవరో కిసుక్కున నవ్వారు. అనార్‌కుల్ చంకలోని మూటని ఇటునుంచి అటు మార్చుకుంది. ముఖం వేడెక్కింది. ఇన్నేళ్ళు పొగలో కళ్ళు మండించుకున్నదానికి గేటు దగ్గరే జవాబు చెప్పేస్తారని ఆమె అనుకోలేదు. వెనక్కి తిరిగి పోవచ్చు. కానీ వేసవి పని పోతే చలికాలం ఇంట్లో బొగ్గు ఉండదు. అదొక్కటే కాదు, ఒళ్ళు మండిపోతోంది.

"మోతకి మనుషులు చాలట్లేదంటగా" అంది.

పెరడంతా ఒక్కసారిగా గొల్లుమంది. అందరికంటే గట్టిగా నవ్వినవాడు ఆమె మరిది కుబత్. పొడగరి, మంచివాడే, నోరే ఆగదు.

"మోతకా? నువ్వా?" ఎర్మెక్ చేతులు దులుపుకున్నాడు. "నిన్ను మోతకి పంపితే మీ ఆయన ఊళ్ళో తలెత్తుకు తిరగ్గలడా అక్కా?"

"మా ఆయన గొర్రెల్తో కొండెక్కిపోయాడుగా. తలెత్తినా దించినా అక్కడ చూసేవి గొర్రెలే."

ఈసారి అందరూ ఆమెతో కలిసి నవ్వారు. అది ఎర్మెక్‌కి నచ్చలేదు. గడ్డం గోక్కుని, పెద్దమనిషి తీర్పులా అన్నాడు:

"సరే. ఆదివారం జర్మన్ ముసలి దంపతులొస్తున్నారు, వాళ్ళ బంధువుల్తో. నేనే తీసుకెళ్తున్నా. మావాళ్ళకే బ్యాగులు చాలట్లేదు, నీకివ్వలేను. నీ బ్యాగు నువ్వు తెచ్చుకో. పెద్దది ఉండాలి. మగాళ్ళతో సమానంగా మొయ్యి, సరస్సు పైనున్న కనుమ దాటు. దాటితే ఈ వేసవంతా పని నీదే. దాటకపోతే మళ్ళీ నన్నడగకు."

షెడ్డులో గోడకి ఇంకా సంచులు వేలాడుతూనే ఉన్నాయి. అనార్‌కుల్ వాటిని చూసింది. ఆమె చూడటం ఎర్మెక్ కూడా చూశాడు. కాలితో తలుపు మూసేశాడు.

*

బజారుకి కుబత్ తోడొచ్చాడు. పెరట్లో నవ్వినందుకు లోపల కాస్త సిగ్గుపడుతున్నాడని, ఆ సిగ్గు తీర్చుకోవడానికే వచ్చాడని ఆమెకి తెలుసు. కాబట్టి అతను చెప్పినదానికల్లా తలూపింది. అదే ఆమె చేసిన తప్పు.

చైనా సరుకు వరసలో సంచులు కొట్టు కప్పునుంచి వేలాడుతున్నాయి. ఎరుపు, నారింజ, మెరిసే నలుపు. కుబత్ నేరుగా అన్నిటికంటే పెద్దదాని దగ్గరికి వెళ్ళి, మూత తీసి, లోపలికి తల దూర్చాడు.

"వదినా! ఇందులో గొర్రె పట్టుద్ది!" అని లోపల్నుంచే అరిచాడు.

"తోకతో సహానా?" అన్నాడు కొట్టతను.

"తోకకి వేరే జేబుంది చూడు!"

కొన్నప్పుడు పెద్దదే కొనాలనేది మావాళ్ళ రక్తంలో ఉంది. పిల్లాడికి చొక్కా కొంటే మోకాళ్ళదాకా ఉండాలి. పులావు వండే బాండీ కొంటే పెళ్ళికి సరిపోవాలి. చుట్టుపక్కల కొట్లవాళ్ళు కూడా చేరి ఆ సంచిని మెచ్చుకున్నారు. ధర ఆమె అనుకున్నదానికంటే తక్కువే చెప్పాడు కొట్టతను. ఇంత పెద్దది ఇంత చవకా అని అనార్‌కుల్ మురిసిపోయింది. వీపుకి తగిలించుకుని చూసింది. ఖాళీ సంచి కదా, దూదిలా తేలిగ్గా ఉంది. డబ్బిచ్చేసింది.

సాయంత్రం పక్కింటి బురుల్‌ని పిలిచి, నేలమాళిగలోంచి బంగాళాదుంపలు తెచ్చి సంచి నింపింది. బురుల్ గెస్ట్‌హౌస్‌లో దుప్పట్లు ఉతికే మనిషి. చేతుల్లో బలముంది. ఇద్దరూ కలిసి సంచిని ఎత్తి అనార్‌కుల్ వీపుకి ఆనించారు. ఇంటి వెనకనుంచే కొండవాలు మొదలవుతుంది. ఆమె ఎక్కడం మొదలుపెట్టింది.

సంచి పైకొన ఆమె తల దాటి ఉంది. తలెత్తుదామంటే మెడ వెనక అడ్డం పడుతోంది. నడుముకి కట్టుకోవాల్సిన పట్టీ తొడల మీదికి దిగి అడుగడుగునా ఒరుసుకుంటోంది. బరువంతా భుజాలనుంచి వేలాడి వెనక్కి లాగుతోంది. వాలు కాస్త నిటారైన చోట కాలు ఎత్తగానే, ఆ లాగుడికి వెల్లకిలా పడిపోయింది. కాళ్ళూ చేతులూ గాల్లో ఆడిస్తూ లేవలేక అలాగే ఉండిపోయింది.

బురుల్ ముందు భయపడింది, తరవాత కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వింది.

"లేవదీస్తావా, అక్కడే చస్తావా?" అని అరిచింది అనార్‌కుల్. కానీ ఆమెకి ఏడుపే వచ్చింది. దాచుకున్నదంతా పెట్టి కొన్న సంచి. ఆదివారం పెరట్లో అందరి ముందూ ఇలా వెల్లకిలా పడితే ఎలా ఉంటుందో కళ్ళకి కట్టింది.

ఇంట్లోకొచ్చి చొక్కా భుజం మీదనుంచి జరిపి చూపించింది. మెడకీ భుజానికీ మధ్య ఎర్రగా చీరుకుపోయింది. బురుల్ వెన్న రాస్తూ, ఇంకా నవ్వుతూనే, అంది:

"అచ్చం జీను పుండు."

ఆ మాట అనార్‌కుల్‌కి తగిలింది. లేచి వెళ్ళి సంచిని వెలుతురులోకి లాగింది. పెద్ద గుర్రం జీను తెచ్చి గున్న గుర్రం మీద వేస్తే సరిగ్గా అక్కడే ఒరుసుకుంటుంది. జీను పెద్దదా చిన్నదా అని ఎవరూ చూడరు. ఆ గుర్రం వీపుకి కూర్చుందా లేదా అని చూస్తారు. సంతలో గొర్రెని కొనేటప్పుడు ముందు వెన్ను తడిమి, నడుము నొక్కి, నడిపించి చూసే మనిషి తను. అలాంటిది సంచి అనగానే, అది మగవాళ్ళ సంగతని, చెయ్యి కూడా వెయ్యకుండా కొనేసింది. ఇప్పుడు చేత్తో తడిమింది. వీపు వైపు గట్టి పలక లేదు, మెత్తటి గుడ్డే. భుజంపట్టీ సంచికి కలిసే చోట కుట్టులో దారం అప్పుడే పళ్ళికిలిస్తోంది.

మర్నాడు ఆ సంచిని కుబతే తీసుకున్నాడు.

"ఇటు పడెయ్ నాకు. కంపెనీ స్టోరులో ఇచ్చిన బ్యాగుకి పట్టీ ఊడిపోయింది. ఇదిగో నీ డబ్బులు."

"కుట్టు బలంగా లేదు కుబత్. ముందే చెప్తున్నా."

"మొయ్యడం చేతకాక బ్యాగుని అంటావేంటి వదినా?" అని దాన్ని భుజాన వేసుకుని ఈల వేసుకుంటూ పోయాడు. అతని పొడుగు వీపు మీద అది నిజంగానే బాగుంది.

*

ఈసారి బజారుకి ఒంటరిగా వెళ్ళింది. ఒంటరిగా అంటే, బంగాళాదుంపల బస్తాతో.

అష్లాన్‌ఫూ అనే పుల్లటి చల్ల నూడుల్స్ అమ్మే అరుగుల వెనక, ఆ వెనిగర్ వాసన ముక్కుకి తగిలే చోట, పాత సరుకు కొట్లు ఉంటాయి. యూరప్‌నుంచి మూటల్లో వచ్చిన బట్టలూ, టూరిస్టులు దేశానికి తిరిగి వెళ్తూ వదిలేసిన చెప్పులూ గుడారాలూ. అక్కడ హాదీచా అనే దుంగన్ జాతి ముసలావిడ పిల్లపీట మీద కూర్చుని పొద్దుతిరుగుడు గింజలు కొరుకుతూ ఉంది. అనార్‌కుల్ బస్తాని దభీమని దింపేసరికి పొట్టు ఉమ్మడం ఆపింది.

"దుంపలు కొనే వరస అటుందమ్మా."

"అమ్మడానిక్కాదు పెద్దమ్మా. బ్యాగు కావాలి. నింపుకుని నడిచి చూస్తా."

"నా కొట్లో మట్టి రాలుద్ది."

"నేనే ఊడ్చిపోతా."

హాదీచా ఆమెని కిందనుంచి పైదాకా చూసింది. తరవాత కాలితో పీటని పక్కకి తోసి దారిచ్చింది.

మొదటి సంచి లోపల ఇనుప చట్రం ఒక పక్క వంగి ఉంది. వెన్ను విరిగిన పశువు, వద్దు. రెండోది గట్టిదే, పొడవెక్కువ. నింపి, వరస చివరిదాకా నడిచొచ్చి దింపేసింది. మూడోది వీపుకి బాగా కూర్చుంది గాని లోపల గుడారం పట్టదు. పిల్లలు బడికి పట్టుకెళ్ళే బాపతు. ప్రతిసారీ దుంపలు పొయ్యడం, ఎత్తుకోవడం, నడవడం, కుమ్మరించడం. బజారుకి ఇంతకంటే వినోదమేముంటుంది?

"దుంపలెలా ఇస్తున్నావమ్మా?" అని ఒకాయన నిజంగానే అడిగాడు.

"ఇవ్వట్లేదు బాబాయ్."

"మరి ఊరేగిస్తున్నావెందుకు?"

"పెళ్ళికెళ్తున్నాయంట!" అంది అష్లాన్‌ఫూ అమ్మే ఆవిడ.

అనార్‌కుల్‌కి మొదట చెవులు ఎర్రబడ్డాయి. కాసేపటికి ఆ సిగ్గు ఏమైందో తెలియదు. ధ్యాసంతా సంచి మీదే పెట్టింది. ఎక్కడ నొక్కుతోంది, ఎక్కడ ఊగుతోంది, అడుగు వేస్తే ఎటు లాగుతోంది.

హాదీచా లేచి వెనకనుంచి ఇంకొకటి లాగింది. ఎండకి వెలిసిన ఆకుపచ్చ. మూత మీద ఎవరో అడ్డదిడ్డంగా వేసిన నీలం మాసిక. దాన్ని చూసి ఎవరూ ముచ్చటపడరు.

"చాన్నాళ్ళుగా పడుంది. ఎవరికీ నచ్చలేదు" అంది నిజాయితీగా.

అనార్‌కుల్ ముందు వీపు వైపు తడిమింది. లోపల గట్టి పలక. నడికట్టు మందంగా, దిండులా ఉంది. భుజంపట్టీలు కుట్టేసి లేవు. వీపు మీద నిచ్చెన మెట్లలాంటి పట్టీల్లో దూర్చి ఉన్నాయి. పైమెట్టుకి మార్చుకోవచ్చు, కింది మెట్టుకి దింపుకోవచ్చు. జీను రికాబుల్ని ఎవరి కాలికి తగ్గట్టు వాళ్ళు దింపుకున్నట్టే. ఆమె కింది మెట్టుకి దింపింది. దుంపలు నింపింది. నడికట్టుని తుంటి ఎముకల మీద పెట్టి బిగించింది.

భుజాల మీదనుంచి బరువు దిగిపోయింది. ఎక్కడికి పోయిందా అని ఆమె చేత్తో వెనక్కి తడుముకుంది కూడా. దుంపలు అక్కడే ఉన్నాయి. బరువంతా తుంటి మీద కూర్చుంది. తల ఎత్తింది. ఆకాశం కనిపించింది.

వరసంతా నడిచింది. మాంసం కొట్ల మీదుగా, రొట్టెల వరస చుట్టూ తిరిగి, మెట్లెక్కి మెట్లు దిగి వచ్చింది. బజారు నవ్వు ఆగిపోలేదు గాని, ఆమె కూడా నవ్వుతోంది.

బేరం దగ్గర మాత్రం నవ్వు దాచుకుంది. మాసిక చూపించింది, జిప్పు నత్తి కొడుతోందంది, మూత పట్టీలు ఇంత పొడుగెందుకు వేలాడుతున్నాయని అడిగింది.

"సామాను ఎక్కువైతే మూత పైకి లేస్తది. చూడు, ఇంకో మూర లేచింది! కొత్తదైతే దీని ధరకి గుర్రమొస్తది తెలుసా?"

"పాతదేగా. గొర్రె ధర చెప్పు."

"ఎలాంటి గొర్రె?"

"ముసలి గొర్రె."

హాదీచా పక్కున నవ్వి చెయ్యి చాచింది. ఇద్దరూ చేతులు పట్టుకుని బలంగా ఊపుకున్నారు. బేరం ఒక మంచి ఈడు గొర్రె దగ్గర తెగింది. చైనా సంచికి పెట్టినదానికంటే పెద్ద తేడా లేదు. దుంపల్ని బస్తాలోకి మార్చాక, హాదీచా ఆకుపచ్చ సంచిలో ఒక గుండ్రటి రొట్టె పడేసింది.

"ఖాళీ సంచి చేతికివ్వను. నిండుగా తిరుగు తల్లీ."

*

ఆదివారం పెరట్లో కొక్కేనికి వేలాడే త్రాసు మీద సామాను తూచారు. అందరికీ ఒకటే బరువు. ఎర్మెక్ అనార్‌కుల్ ముందు పొయ్యీ, గ్యాసు డబ్బాలూ, గిన్నెలూ, బియ్యం, మాంసం డబ్బాలూ పేర్చాడు.

"అలవాటైనవేగా" అన్నాడు.

సర్దడానికి అన్నిటికంటే చెడ్డవి అవే. గట్టివి, కోణాలున్నవి, వీపుకి గుచ్చుకునేవి. ఆమె నేల మీద కూర్చుంది. అడుగున మెత్తటి పక్కదుప్పట్లు కుక్కింది. గిన్నెల్లో బియ్యం పోసి, బరువైన డబ్బాల్ని వీపుని ఆనుకుని మధ్యలో నిలబెట్టి, సందుల్లో తువ్వాళ్ళు దూర్చింది. ఊపి చూసింది. చప్పుడు కాలేదు. నీలం మాసికని చూసి కుర్రమోతగాళ్ళు ముసిముసిగా నవ్వుకున్నారు. పక్కనే కుబత్ తన చైనా సంచిలో గుడారాన్ని పైకొసదాకా నిలువుగా దోపి, అందరి వైపూ గర్వంగా చూస్తున్నాడు.

మోతగాళ్ళెవరూ నడికట్టు కట్టుకోలేదు. మాదగ్గర కట్టుకోరు. అది టూరిస్టులకీ, ముసలివాళ్ళకీ అని వాళ్ళ నమ్మకం. నడుస్తుంటే కాళ్ళకి అడ్డం పడకుండా సంచి వెనక్కి తిప్పి ముడేసేస్తారు. అనార్‌కుల్ తనది బిగించగానే కుబత్ మొదలుపెట్టాడు.

"ఏంటొదినా అంత బిగించావు? ఏడో నెలా?"

"పొట్టపట్టీ బిగించకుండా గుర్రమెక్కుతావా నువ్వు? ఎక్కి చూపించు. కింద పడ్డాక నేనే ఎత్తుతాలే."

మొదటి రోజు దారి అడవిలో, ఏటి వెంబడి. ఎవరికీ పెద్ద కష్టం కాలేదు. ఆ రాత్రి మకాంలో ఎర్మెక్ మరదలు వండిన సూప్ తాగి జర్మన్ ముసలాయన చాలా మర్యాదగా ఉప్పు అడిగాడు. ఆ పిల్ల కంగారుగా అనార్‌కుల్ వైపు చూసింది. అనార్‌కుల్ లేచి వెళ్ళి ఉప్పుతో పాటు ఎక్కడెక్కడ ఏముందో కూడా చూపించి వచ్చింది. పిల్ల మీద ఆమెకి కోపమెందుకు? కోపం ఉన్నది ఇంకొకరి మీద.

మర్నాడు పొద్దున్నే చెట్లు అయిపోయాయి. అక్కడినుంచి ఆమె ఎప్పుడూ ఎక్కని దారి. జలపాతం పక్కన నిటారుగా, కాలు వేస్తే జారే రాళ్ళు. పైనుంచి గాలి. ఆమె చిన్న చిన్న అడుగులు వేసింది. ఊపిరి బరువుగానే ఉంది, తొడలు మండుతూనే ఉన్నాయి. కానీ సంచి ఆమెతోనే కదిలింది, ఆమెని ఎటూ లాగలేదు. ముందు నడిచే మోతగాళ్ళు పట్టీల కింద బొటనవేళ్ళు దూర్చి, భుజాలు మార్చుకుంటూ, పదే పదే ఆగుతున్నారు. ఒకరిద్దర్ని దాటేసింది. దాటేటప్పుడు ఏమీ అనలేదు. అనాలని మాత్రం నాలుక చివర చాలా ఉంది.

సరస్సు గట్టుకి ఇంకాస్త దూరంలో, పైన, గుడ్డ చిరిగిన చప్పుడు వినిపించింది.

కుబత్ కుడి భుజంపట్టీ తెగింది. గాలికి తెరచాపలా ఊగుతున్న ఆ పొడుగు సంచి అతన్ని సగం చుట్టు తిప్పి, ఎడమ భుజం మీదనుంచి కూడా జారి, రాళ్ళ మీద దొర్లుకుంటూ పోయింది. జర్మన్ ముసలావిడ కెవ్వుమంది. సంచి ఒక బండకి తగిలి ఆగింది. ఆగకపోయి ఉంటే ఆ రాత్రి మంచుకొండ మీద ముసలి దంపతులిద్దరికీ గుడారం ఉండేది కాదు.

"ఏం చేశావురా!" ఎర్మెక్ కిందనుంచి అరిచాడు. అతని గొంతులో కోపం కంటే భయం ఎక్కువుంది.

కుబత్ దిగి వెళ్ళి సంచిని ఈడ్చుకొచ్చాడు. తెగిన పట్టీని చేత్తో పట్టుకుని పిల్లాడిలా నిలబడ్డాడు. 'ముందే చెప్పాను' అనడానికి ఇంతకంటే మంచి సమయం రాదు. అనార్‌కుల్ ఆ మాట అనలేదు. అతని ముఖం చూస్తే అనబుద్ధి కాలేదు.

ఒక బండ చూసుకుని సంచి దింపింది. చొక్కా మడతలో గుచ్చిపెట్టుకున్న దబ్బనం తీసింది. గుడారం గుడ్డలు చిరిగితే కుట్టడానికి వంట మకాంలో ఎప్పుడూ ఉండేదే. మైనం పట్టించిన దారంతో, గుర్రం జీను కుట్టినట్టు, అటూ ఇటూ అడ్డుకుట్లు వేసింది. వేళ్ళు చలికి కొంకర్లు పోతుంటే నోట్లో పెట్టుకుని వెచ్చచేసుకుంది.

"ఇది నిలబడుద్ది. కానీ ఇంత బరువు ఆగదు" అంది. "ఆ గుడారం ఇటివ్వు."

"నీ బ్యాగు నిండిపోయిందిగా వదినా."

ఆమె ఆకుపచ్చ సంచి మూతపట్టీలు వదిలింది. నీలం మాసికతో సహా మూత పైకి లేచింది. కిందనుంచి రెండు దుప్పట్లు తీసి కుబత్‌కిచ్చి, వాటి చోట గుడారాన్ని కూరింది. బియ్యం గిన్నె పైకి తెచ్చింది. మూత బిగించింది. అంతా పట్టింది. మోతగాళ్ళు చుట్టూ చేరి చూస్తున్నారు. ఈసారి ఎవరూ నవ్వలేదు.

"ఇటు తిరుగు" అంది కుబత్‌తో. అతని సంచి వెనక ముడేసిన నడికట్టుని పళ్ళతో విప్పి, ముందుకి తెచ్చి, తుంటి మీద పెట్టి లాగింది. "ఊపిరి వదులు. పట్టీ బిగించేటప్పుడు దొంగగుర్రంలా పొట్ట ఉబ్బించకు."

"వదినా, అందరూ చూస్తున్నారు…"

"చూడనీ. వదులు."

వదిలాడు. ఆమె మోకాలు ఆనించి గట్టిగా లాగి బిగించింది. కుబత్ నాలుగడుగులు వేసి ఆగాడు. వెనక్కి తిరిగి అన్నాడు:

"నా భుజాలేవి?"

"ఉన్నచోటే ఉన్నాయి. నడు."

నడిచారు. ముందు కుర్రమోతగాడొకడు ఎవరూ చూడట్లేదనుకుని చెయ్యి వెనక్కి పోనిచ్చి ముడి విప్పుకున్నాడు. తరవాత ఇంకొకడు. గట్టు చేరేలోపు అందరి నడుములకీ పట్టీలు బిగిసి ఉన్నాయి, ఒక్క ఎర్మెక్‌కి తప్ప.

ఆఖరి రాళ్ళు దాటి తలెత్తేసరికి సరస్సు ఆమె ఎదురుగా ఉంది.

ఇన్నేళ్ళూ సూప్ గిన్నెల మీదుగా ఆమె విన్న మాటలేవీ దానికి సరిపోలేదు. ఆ నీలాన్ని ఏమనాలో ఆమెకీ తెలియలేదు. సంచి దింపలేదు. దానితోనే నిలబడింది, పొయ్యీ గిన్నెలూ ఇంకొకరి గుడారమూ మోస్తూ, తల పైకెత్తి.   నేను ఎక్కాను, అనుకుంది. నా కాళ్ళతో ఎక్కాను.

జర్మన్ ముసలావిడ పక్కకొచ్చి భాష రాక ఆమె భుజం తట్టింది. అనార్‌కుల్ తువ్వాలుతో కళ్ళు తుడుచుకుని, రొట్టె తుంచి ఆవిడకి సగం పెట్టింది. హాదీచా ఇచ్చిన రొట్టె, కాస్త గట్టిపడింది, అయినా ఇద్దరూ తిన్నారు.

*

ఆ రాత్రి సరస్సు గట్టున పడుకుని, మర్నాడు కనుమ దాటి అవతల లోయలోకి దిగారు. అక్కడ వేడినీటి గుంటలున్నాయి. మోతగాళ్ళు సంచులు విసిరేసి నీళ్ళలోకి దూకారు. ఎర్మెక్ మాత్రం గట్టు మీద కూర్చుని భుజంపట్టీ ఒరిపిడికి మొద్దుబారిన ఎడమ చెయ్యి నొక్కుకుంటున్నాడు. ఉదయంనుంచి దాన్ని తలపైకి ఎత్తలేకపోతున్నాడని అందరికీ తెలుసు. తెలియనట్టు ఉన్నారు.

అనార్‌కుల్ టీ తెచ్చిచ్చింది. తీసుకున్నాడు. ఒక గుక్క తాగి ఆమె సంచి వైపు చూశాడు.

"అక్కా, నీ బ్యాగు ఒకసారి వేసుకుని చూస్తా."

"చూడు."

సామానుతో సహా ఎత్తుకున్నాడు. అది అతని వీపు సగందాకానే వచ్చి, పొట్టి చొక్కాలా నిలిచిపోయింది. అవతల నీళ్ళలోంచి నవ్వులు. ఎర్మెక్ దింపబోయాడు.

"ఆగు. అది నాకు పెట్టిన కొలత."

ఆమె వెనక్కి వెళ్ళి భుజంపట్టీల్ని విప్పి, ఒక్కో మెట్టే పైకి జరిపింది. ముందుకొచ్చి నడికట్టు అతని చేతికిచ్చింది. అతను దాన్ని తుంటి మీద పెట్టుకుని, ఎవరి వైపూ చూడకుండా, తనే బిగించుకున్నాడు. గుంట చుట్టూ ఒకసారి నడిచి వచ్చాడు. ఆగి, ఎడమ చెయ్యి మెల్లగా పైకెత్తాడు. లేచింది.

"ఇది ఎక్కడ దొరికింది?"

"బజార్లో. వెతికితే దొరుకుతాయి."

ఎర్మెక్ సంచి దింపి, నీలం మాసిక మీద వేలితో రాస్తూ నిలబడ్డాడు.

"షెడ్డులోవి ఇంక పనికిరావు. వేరేవి కొనాలి. వచ్చే గుంపు దిగేలోపల నువ్వే ఎంచి తీసుకురా, కంపెనీ డబ్బిస్తది." గొంతు తగ్గించాడు. "నీలా మోసేవాళ్ళు ఇంకెవరన్నా ఉన్నారా? ఆడవాళ్ళయినా సరే."

"ఆడవాళ్ళయినా సరేనా?"

"ఆడవాళ్ళే. పిలుచుకురా."

"వాళ్ళని కూడా బ్యాగులు తెచ్చుకోమనాలా?"

ఎర్మెక్ మెడ ఎర్రబడింది. "ఆరోజు గోడకున్నవి నువ్వు చూశావని తెలుసు నాకు."

"చూశాను."

"స్టోరునుంచే ఇస్తా. ఎవరి కొలతకి వాళ్ళకి."

అనార్‌కుల్ తలూపింది. తన సంచి తీసుకుని భుజంపట్టీల్ని ఒక్కో మెట్టే కిందికి, తన కొలతకి దింపుకుంది. "ఇది మాత్రం స్టోరులో పెట్టను. ఇది నాది" అంది.

*

హాదీచా పిల్లపీట మీద కూర్చుని గింజలు కొరుకుతూ తలెత్తింది. రొట్టెల వరస దాటి నలుగురు ఆడవాళ్ళు వస్తున్నారు. ముందు అనార్‌కుల్, ఎండకి ముక్కు చర్మం ఊడి, వీపున ఆకుపచ్చ సంచితో. వెనక బురుల్, బురుల్ తోటికోడలు, గెస్ట్‌హౌస్‌లో గిన్నెలు తోమే ఇంకొకావిడ. ముగ్గురి చేతుల్లోనూ బంగాళాదుంపల బస్తాలు.

"ఊడ్చిపోవాలి మరి!" అని అక్కడినుంచే కేకేసింది ముసలావిడ. అప్పటికే పీటని పక్కకి తోసేసింది.

దుంపలు పోశారు, ఎత్తుకున్నారు, కుమ్మరించారు. అనార్‌కుల్ ఒక్కొక్కరి వెనకా నిలబడి పట్టీలు జరిపింది. మధ్యాహ్నానికి బురుల్‌కి ఒక బూడిదరంగు సంచి కుదిరింది. నడికట్టు బిగించుకుని, ముందు భయం భయంగా, తరవాత చేతులు రెండూ వదిలేసి, మాంసం కొట్ల మీదుగా నడిచింది. కిందటిసారి దుంపల ధర అడిగినాయనే మళ్ళీ ఎదురయ్యాడు.

"ఇవాళన్నా అమ్ముతారా దుంపలు?"

"లేదు బాబాయ్" అంది బురుల్, ఆగకుండా. "ఇవి కొండెక్కుతున్నాయి."